పిన్నీసు

జూబ్లీహిల్స్, రోడ్ నెంబర్ ముప్పైయారు.
మూడో అంతస్తుల ఏసీ చప్పుడు,
కింద మెట్రో పిల్లర్ల నీడ.
తలలేని బొమ్మకు తెల్ల క్రేప్ చుడుతున్న.
ఆరున్నర మీటర్లు.
ఒక్క కత్తెర గాటు లేదు.

"గ్రీకు లుక్ రావాలె" అన్నది నౌషీన్ మేడం
ఫోన్ల ఒక పాలరాతి ఆడామెను చూపిచ్చుకుంట.
ముక్కు విరిగింది, చేతుల్లేవు,
కుచ్చిళ్ళు మాత్రం నిన్ననే ఇస్త్రీ చేసినట్టున్నయి.
కైటన్ అంటరట.
భుజాల మీద పిన్నులు, నడుముకొక తాడు,
మిగిలిందంత బట్ట బరువే చూసుకుంటది.
మేడం ఒక భుజం తీసేసింది.
ఒంటి భుజమే ఇప్పుడు ఫ్యాషనట.
మా దిక్కు పైట అంటరు.

మొయిజ్ చాచా టేపు మెడలేసుకొని నిలబడ్డడు.
నలభై ఏండ్ల షేర్వానీల చెయ్యి,
చంక మలుపు కండ్లు మూసుకొని కోస్తడు.
బొమ్మ సుట్టు ఒకసారి తిరిగి,
"ఇస్మే మేరా క్యా కామ్, బేటీ"
అని చాయ్ తాగవోయిండు.
నిజమే.
మా అవ్వ గోచి పెట్టి నాట్లేసిన చీరెకు
ఎవరు తీసుకున్నరు కొలతలు?

అన్నం తినుకుంట ఫోన్ల చదివిన.
రోమోళ్ళ టోగా ఉన్నిదట.
ఎడమ చెయ్యి మడతలు మోసుడుకే సరిపోయేదట,
ఆ చేతికి వేరే పని లేనోళ్ళ బట్ట అది.

మా తాత కొమురెల్లి యాదికొచ్చిండు.
ఎడమ భుజాన నల్ల గొంగడి, కుడి చేతిల కట్టె.
ఆయన ఎడమ చెయ్యి గూడ మడతల్లనే ఉండేది,
లోపల పొద్దున్నే పుట్టిన గొర్రెపిల్ల,
తడి చెవులు బయటికి.
అదే మడత.
అక్కడ దానికి సభల పీట ఏసిండ్రు.
మా తాతను సిద్దిపేట బస్సుల
సీటుల కూసోనియ్యలే,
ఉన్ని వాసనొస్తదని.

ఇంకొకటి గూడ రాసున్నది.
ఆ రాతిబొమ్మలు తెల్లగ లేకుండెనట.
ఎరుపు, నీలం, పసుపు,
అంచులకు వేరే రంగులు.
వానకు పోయినయి, మట్టిల పోయినయి.
వెలిసిపోయిన దాన్ని చూసి మనం అందమన్నం,
వెలిసిన తెలుపుకు
ముప్పై ఎనిమిది వేల బిల్లు రాసినం.
మేడంకు చెప్పిన.
"క్లయింట్ ముంగట అనకు" అన్నది.

సాయంత్రం తన్మయి ఒచ్చింది ట్రయల్‌కు.
శంషాబాద్ ఫాంహౌస్ల రాత్రి పార్టీ, పెండ్లికి ముందటిది.
అద్దం ముంగట చెయ్యి ఎత్తింది, దించింది.
"జారిపోదు కదా అక్కా?"
"రెండున్నర వేల ఏండ్ల సంది జారలే."
నవ్వింది.
నవ్వు పొట్ట కాడ మొదలై
కుచ్చిళ్ళల్ల కిందిదాక పోయింది.
రాయికి ఇది రాదు, అనుకున్న.

ఎనిమిదిన్నరకు, మళ్ళ బొమ్మ మీదికెక్కిన గౌను
పిన్నులు ఒక్కొక్కటే ఊడబీకిన.
గౌను లేదు.
ఆరున్నర మీటర్ల బట్ట నా చేతులల్ల,
చీరె లెక్క మడత పెట్టిన.
పన్నెండు పిన్నులల్ల పదకొండే దొరికినయి.
టేబుల్ కింద, మొయిజ్ చాచా స్టూల్ కింద
వెతికి వెతికి యాష్టకొచ్చి బయటవడ్డ.

పెద్దమ్మగుడి స్టేషన్ల
సెక్యూరిటీ ఆమె మిషను
నా ఎడమ భుజం కాడ కూసింది.
"ఏందిది?"
చున్నీ లేపి చూసిన.
"పిన్నీసు."
"సరే, పో."