లోపలి గడియ

గొలకోటి దొరబాబు మేడ మీది గదికి
వైరింగ్ చేసింది నేనే.
సోలారు పలకలు నాలుగు, బ్యాటరీలు ఆరు,
గోడల వెంబడి స్వర్ణ బియ్యం నలభై బస్తాలు,
పురుగు పట్టకుండా మధ్య మధ్య వేపాకు,
నూనె డబ్బాలు, బీపీ మాత్రలు,
ఊళ్ళో ఎవరూ తినని డబ్బా చేపలు.
గోదారి పక్కన బతుకుతూ డబ్బా చేపలు!
నవ్వాపుకుని స్క్రూలు బిగించాను.

“అన్నీ కూలిపోతాయి తమ్ముడూ,
బ్యాంకు, కరెంటు, పోలీసు, రేషను.
ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉన్నాయంతే,
ఒక్క వాసం లాగితే చాలు.”
నలుగురికి రెండేళ్ళని కాగితం మీద లెక్క కట్టాడు.
అయిదో మనిషి వస్తే? అన్నాను.
ఇనప తలుపు వైపు చూశాడు.

గడియ లోపలి వైపు బిగించమన్నాడు.
బిగించాను.
గట్టిగా ఉందో లేదో బయట నిలబడి
భుజంతో గుద్ది చూసిందీ నేనే.

ఆయన్ని తప్పు పట్టకండి.
తొంభయ్యారు తుఫాను రాత్రి ఆయనకి తొమ్మిదేళ్ళు.
తడిసిన చెల్లెల్ని ఎత్తుకుని
ఒక డాబా తలుపు కొట్టాడట, తెల్లారేదాకా.
ఆ తలుపు ఎలా ఉండేదో ఇప్పటికీ చెబుతాడు,
టేకు, ఇత్తడి బొడిపెలు.
చెల్లెలి సంగతి చెప్పడు.

లంకలో పెసింగి వీరమణికి అలాంటి గది లేదు.
ఆషాఢం రాగానే
ఉప్పు, అగ్గిపెట్టె, ఆనప గింజలు
మూత బిగుసుకునే సీసాలోకి,
పొయ్యి కట్టెలు అటక మీదికి,
మేకలు ఏటిగట్టు మీది అక్క కొట్టంలోకి.
దూలానికి ఒక మోకు,
చీకట్లో కూడా చేతికి తెలిసే ముడి.
మిగతాదంతా బాకీలు.
పడవ సత్తిరాజుకి ఏడొందలు,
గట్టు మీది కొట్టుకి నెల సరుకు,
ట్రాక్టరు వాడికి డీజిలు డబ్బులు.
కావాలనే తీర్చదు.
“బాకీ ఉన్నోళ్ళని ఎవడు ములగనిత్తాడు బాబూ?
ముందు మనల్నే ఎక్కిత్తాడు.”

ఈ ఏడు శ్రావణంలో ఎర్రనీరు.
ధవళేశ్వరం కాడ మూడో హెచ్చరిక,
కాజ్‌వే ములిగింది, కరెంటు తీసేశారు,
రేషను బండి అవతలి రేవులోనే ఆగిపోయింది.
ఊరంతా చీకటి. దొరబాబు మేడ మీదా చీకటే.
ఆరు బ్యాటరీల వెలుతురు దగ్గర పెట్టుకుని
చీకట్లో కూర్చున్నాడు,
దీపం కనిపిస్తే జనం వస్తారని.

రెండో రోజు నాకు ఫోను.
“ఇన్వర్టరు కూస్తోంది. ఆగట్లేదు.
వీధి మొత్తం వినబడుతోంది తమ్ముడూ.”
రెండేళ్ళ సరంజామాకి
రెండో రోజే ఒక మనిషి కావలసొచ్చాడు.

సత్తిరాజు పడవెక్కేసరికి
వీరమణి ముందే ఉంది అందులో.
ఒళ్ళో అన్నం గిన్నె, గిన్నె నిండా ఫోన్లు, పదకొండు,
ఒక్కోదానికీ ఒక్కో రంగు దారం.
ఎక్కడికంటే, “నువ్వెక్కడికెల్తన్నావో అక్కడికే.”

గడియ తీసిన చప్పుడు బయట నుంచి విన్నాను.
ఇన్వర్టరు లోపల బల్లి, మాడిపోయి.
రెండు నిమిషాల పని.
దొరబాబు గిన్నె వైపు చూశాడు,
పెదాలతో లెక్కపెట్టాడు, మళ్ళీ మొదటినుంచి.
చాలాసేపటికి
“వంతులవారీగా పెట్టండి” అన్నాడు.
వీరమణి డబ్బా చేప ఒకటి వాసన చూసి
మూత పెట్టేసింది.

తొమ్మిదో రోజుకి నీరు తీసింది.
ఆమె గెలిచిందని చెప్పను.
ఎప్పుడో ఒకప్పుడు తీసే వరదకే ఆమె లెక్క.
సత్తిరాజుకే పడవ లేని రోజున
బాకీ ఏ ఒడ్డున నిలబడుతుంది?
నలభై బస్తాలు మాత్రం
పురుగు ముందు ఎన్నాళ్ళు?
నాకు తెలియదు.
నేనూ ఒక మోకు కొన్నాను.
ముడి ఇంకా చేతికి రాలేదు.

దొరబాబు నాకింకా పన్నెండొందలు ఇవ్వాలి,
వైరింగ్ డబ్బుల్లో మిగులు.
మొన్న బజార్లో ఎదురుపడి జేబులో చెయ్యి పెట్టాడు.
ఉండనివ్వండి, అన్నాను,
తుఫాన్ల కాలం.
కార్తీకం వెళ్ళాక చూద్దాం.