మొదలవుతాను, మొదలయ్యాను

టోర్స్‌హావ్న్‌లో మూడు రోజులుగా వాన అడ్డంగా కురుస్తోంది.
సున్‌వోర్ మళ్లీ ఫోన్ చేసింది.
"అల్లిక నమూనా మీద రెండుసార్లు నొక్కుతాను.
నీ ప్రోగ్రాం లేస్తుంది, తెల్లకాగితం చూపిస్తుంది.
మా మేనత్త స్వెటర్ ఏదీ?"

నా దగ్గర బాగానే తెరుచుకుంటోందే, అన్నాను.
ఆ మాట అనని ప్రోగ్రామరు
ఇంకా పుట్టలేదు.

చివరికి రెండు గంటలు పడవలో వెళ్లాను.
వంటింటి బల్ల మీద ఉన్ని వాసన,
రొట్టె మీద పుల్లటి రుబార్బ్ జామ్.
"రాత్రి అన్నీ ఆర్పేసి పడుకుంటాను,
పొయ్యి, దీపం, ఇదీ" అంది
లాప్‌టాప్ వైపు గడ్డం చూపిస్తూ.

అక్కడ దొరికిపోయాను.
నా యంత్రంలో ప్రోగ్రాం మూసి
ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు.
పడుకోనివాడికి
మేల్కోవడంలో కష్టం ఏం తెలుస్తుంది?

కళ్లు తెరిచేటప్పుడు ప్రోగ్రాం
లోలోపల రెండు మాటలంటుంది:
మొదలవుతాను, అని.
మొదలయ్యాను, అని.
ఆ రెంటి నడుమ, రెప్పపాటులో సగం సందు.
సరిగ్గా అందులోకే వస్తుంది కబురు,
ఫలానా ఫైలు తెరవమని.
నేనేమో వినే చెవిని
రెండో మాట తర్వాత అతికించాను.
కబురు వచ్చింది, పిలిచింది,
పలికే దిక్కులేక
తప్పు జరిగిందని కూడా చెప్పకుండా పోయింది.

తిరుగు పడవ రేవు చేరేసరికి
నారింజరంగు కోటులో హానుస్ గట్టు మీదున్నాడు.
ఎంతసేపయింది వచ్చి, అని అరిచాను.
"పడవ కనబడక ముందే."
విసిరిన తాడు గాలిలోనే అందుకున్నాడు.
బిగించలేదు.
దిమ్మకు వదులుగా ఒక చుట్టు చుట్టి
పడవ ఊగడం మానేదాకా
జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.
అప్పుడు లాగాడు.

తడిబూట్లు విప్పకుండానే కూర్చుని
చెవిని మొదటి మాటకు ముందుకు జరిపాను.
కబురొస్తే పట్టుకో,
కిటికీ సిద్ధమయ్యేదాకా
వదులుగా చుట్టి ఉంచు.
మొత్తం పదకొండు వరుసలు.
పరీక్షకని, చాలాకాలం తర్వాత,
అన్నీ ఆర్పేసి పడుకున్నాను.

నాలుగో రోజు ఫోన్.
"ఎల్స్‌పా అత్త వచ్చింది.
ఎడమ మోచేతి దగ్గర ఒక కుట్టు తప్పుంది.
అది ఆవిడదే.
నువ్వు దిద్దకు."