ఏటి పేరేటి

బెర్తు దొరక్క పదకొండు రోజులు
బయట సముద్రంలో లంగరేసుకున్న ఖనిజం ఓడకి
రెండు బస్తాల ఉల్లిపాయలు, బుట్టెడు వంకాయలు,
ఐసులో నలభై కిలోల కోడిమాంసం
లాంచీలో చేరేసేవాళ్లం నేనూ, దానయ్యా.
నేను దుబాసీ గుమాస్తాని.
రెండు భాషలున్నవాడని ఆ మాటకి అర్థం.
నాకొచ్చింది ఒకటిన్నర.

ఊసుపోక, బిల్లు వెనక వంటవాడు
తన ఊరి నది పేరు రాశాడు: దునా.
ఇంజనీరు నవ్వి దాన్ని కొట్టేశాడు: దునరియా.
సరంగు పెన్ను లాక్కున్నాడు: దునవ్.
మెట్ల మీంచి, దిగకుండానే, కెప్టెను: దోనౌ.

నాలుగు నదులనుకున్నాను.
ఒకటేనట.
ఎగువన కెప్టెను దేశంలో ఆడది,
వంటవాడి దగ్గరికొచ్చేసరికి ఏదీ కాదు,
సరంగు ఊళ్లో మగాడు,
సముద్రం దగ్గరపడ్డాక మళ్లీ ఆడది.
మా దగ్గర అయితే 'అది' అన్నాను.
అమ్మ వస్తోంది, ఏరు వస్తోంది,
మా క్రియకి తేడా తెలీదు.

అర్థమేమిటంటే ముగ్గురూ భుజాలెగరేశారు.
కెప్టెనే చెప్పాడు:
చాలా పాతమాట, పారేది అని, అంతే.
మీ పాత పుస్తకాల్లోనూ ఉందట, దాను, తడి అని.

అది వినడం ఆలస్యం
బీడీ వెలిగించుకుంటున్న దానయ్య వీపు చరిచాడు ఇంజనీరు,
"నీ పేర్లో మా నది ఉంది!"

కాదు.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే
వీణ్ణి పక్కింటికి దానమిచ్చి
చేటెడు నూకలకి తిరిగి కొనుక్కుంది వాళ్లమ్మ.
నదికీ వీడికీ ఏ చుట్టరికమూ లేదు.
తెలిసీ చెప్పలేదు.
అప్పటికే వాడి మొహంలో పోటు ఎక్కేసింది.

పన్నునొప్పని వంటవాడు మాతో ఒడ్డుకొచ్చాడు.
లోపలి హార్బర్లో, బొగ్గుపొడి తెట్టుకట్టిన చోట
ఓ పాయ వచ్చి కలుస్తుంటే వేలు చూపించి ఏదో అన్నాడు.
"ఏటంతన్నాడు?" అన్నాడు దానయ్య.
"ఏటి పేరేటని."
అడిగిన మాటలోనే రెండుసార్లు పారిందది,
నేను గమనించింది మాత్రం ఆ రాత్రి పడుకున్నాక.

మ్యాపులో మేఘాద్రి అని ఉంటుంది.
మేఘాల కొండ. కొండా కనబడదు, మేఘమూ లేదు.
దానయ్య ఇంజను తగ్గించి,
డీజిలు రంగులు తేలే నీళ్లకేసి చూసి,
"గెడ్డ" అన్నాడు.
"ఏ గెడ్డ?" అని నేను.
"ఏ గెడ్డేటి, గెడ్డ."

వంటవాడు బిల్లు తిరగేసి
నాలుగు పేర్ల కిందా ఐదోది
తన అక్షరాల్లో రాసుకుని
మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఓడ వెళ్లిపోయింది.
ఆ ఉల్లిపాయల లెక్క
ఇప్పటికీ మా ఖాతాలో తేలలేదు.