తూకం పుస్తకం

ఎండు కొబ్బరి తూచే షెడ్డులో పదిహేడేళ్లుగా నా కొలువు.
సంచీ ఎక్కిస్తాను, ముల్లు కుదురుకునేదాకా ఆగుతాను,
తడి తగిలితే తడికింత అని తగ్గించి రాస్తాను.
ఎవరూ తగవుకు రారు.
ముల్లు ఎవరి చుట్టమూ కాదు.

పార్లమెంటు మొదలైందా,
అదే పుస్తకాన్ని తలకిందులు చేసి
వెనక అట్ట నుంచి తెరుస్తాను.
అక్కడ ఇయోటెబా మొదలవుతాడు.

ప్రతిపక్షం మనిషి.
మా ఒనొటోవా దీవి ఓట్లతో గెలిచి వెళ్లినవాడు.
తరావా రాజధాని ఓడలో రెండు రాత్రుల దూరం.
అతని గొంతు మాత్రం
బ్యాటరీలు ఉన్నంతకాలం మా చాప మీదే కూర్చుంటుంది.

ఏప్రిల్ తొమ్మిది. లేచాడు. ఓడ ఎప్పుడొస్తుందని అడిగాడు.
పరిశీలనలో ఉంది, అన్నారు మంత్రిగారు.
పది. లేచాడు. స్పీకరు కూర్చోమన్నారు. కూర్చున్నాడు.
పదకొండు. బావినీళ్లు ఉప్పెక్కాయన్నాడు.
సభలో ఎవరో నవ్వారు.
నవ్వుకు నా పుస్తకంలో గడి లేదు,
అయినా అంచున ఇరికించి రాశాను.

"ఆ మాటలన్నీ తూచి ఏ ఓడకెక్కిస్తావయ్యా?"
చేప ఒలుస్తూ మా ఆవిడ కరువా.
జవాబు ఆమెకూ అక్కర్లేదు, నా దగ్గరా లేదు.

మూడేళ్లు.
లేచింది అరవై ఒక్కసారి.
అడిగినవి నలభై నాలుగు, బదులొచ్చినవి తొమ్మిది,
ఆ తొమ్మిదిలో ఆరు పరిశీలనలో ఉన్నాయి.
బడి పైకప్పు గురించి ఒకే ఒక్కసారి, అదీ నిమిషం లోపు.
సముద్రపు దోసకాయల పర్మిట్ల గురించి నాలుగుసార్లు, నోరారా.
ఆ వ్యాపారం అతని బావమరిదిది.
అక్కడ తడికింత అని తగ్గించాను.

ఎన్నికల ముందు వచ్చాడు.
మనేబాలో ఊరంతా చాపలు పరుచుకుని కూర్చుంది.
ఇదివరకటి కంటే బక్కచిక్కాడు, ఒక పన్ను పోయింది.
"మీకోసం ఒక్కరోజు కూడా నోరు మూయలేదు" అన్నాడు.

పుస్తకం చంకలో పెట్టుకునే వెళ్లాను.
లేచాను.
ఇన్నేళ్లుగా లేవడం అతని వంతు, రాయడం నా వంతు.
కాళ్లు వణికాయి.
"కిందటి నవంబరులో
వరసగా తొమ్మిది రోజులు మీరు మాట్లాడలేదు" అన్నాను.

పుస్తకం అడిగి తీసుకున్నాడు.
పెన్సిలు గీతల మీద వేలు పెట్టి
ఒకటి, రెండు, మూడు...
మా మొదటి తరగతి పిల్లల్లా లెక్కపెట్టాడు.
తర్వాత మెల్లగా,
"ఆ నెల్లో ఇక్కడికి ఓడ వచ్చిందా?" అన్నాడు.

రాలేదు.
కొట్లో బియ్యం లేవు, కిరోసిన్ లేదు,
బ్యాటరీ అంటే బ్యాటరీ లేదు.
ఆ తొమ్మిది సాయంత్రాలూ రేడియో ముందు అలవాటుగా కూర్చుని
చడీచప్పుడూ లేకపోతే
అతని పేరు కింద గీత గీశాను.

వెనక నుంచి ముసలి నెయ్ టాకెంటి పకపకా నవ్వింది.
ఆ నవ్వును ఎక్కడ రాయను?

"ఆ తొమ్మిది రోజులూ ఓడ గురించే అడిగాను" అన్నాడు ఇయోటెబా.
అడిగాడేమో.
నా పొరపాటు తెలిసిపోయింది గనక అన్నాడేమో.
పుస్తకం నా చేతిలో పెట్టి
లేత కొబ్బరినీళ్లు తాగడానికి వెళ్లిపోయాడు.

తరావాలో చదివే మేనకోడలికి ఉత్తరం రాశాను.
సభ అచ్చువేసిన రికార్డులో నవంబరు వెతికి,
ఆ తొమ్మిది రోజులూ చేత్తో ఎత్తి రాసి
ఓడలో పంపమన్నాను.
ఓడ ఎప్పుడని హార్బరు గుమాస్తాను అడిగితే
పరిశీలనలో ఉందన్నాడు. వాడికి నవ్వు రాలేదు, నాకూ రాలేదు.

గీతలు చెరిపేశాను.
కాగితం అక్కడ పలచబడి అవతలి పేజీ కనిపిస్తోంది.
అవతల ఎవరివో కొబ్బరి కిలోలు.

ఓటు ఎవరికి వేశానో పుస్తకంలో లేదు.

మర్నాడు షెడ్డు తెరిచి
ఎవరూ రాకముందే
వట్టి సంచీని కాటా మీద పెట్టాను.
ముల్లు కదిలింది.
కొద్దిగానే.