పదహారుల ఎనిమిది

చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లు దిగేసరికి వాన.
ర్యామ్ ముక్కను బిల్లుల చుట్టి
బిల్లును పాలకవర్ల పెట్టి
పాలకవర్‌ను టిఫిన్ డబ్బాల పెట్టి
వారాసిగూడ దాక ఆటోల తెచ్చిన.
ఎనిమిది జీబీ. రెండువేల రెండొందలు.
మూడు పెండ్లికార్డులు, ఒక దశదినకర్మ పత్రిక,
ఒక గృహప్రవేశం ఫ్లెక్సీ,
అన్ని అక్షరాలు కొడితే వచ్చిన పైసలు.

ఎందుకంటే ఈతచెట్ల పుస్తకం.
రిటైరైన హెల్త్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన
నాలుగొందల పేజీలు రాసుకొచ్చిండు.
రెండొందల పన్నెండో పేజీ కాడ
నా కంప్యూటర్ నిలవడిపోతది,
ఎక్కినోడు దిగనీకి భయపడ్డట్టు.

మూత ఇప్పిన.
నాలుగేండ్ల దుమ్ము, ఒక బల్లిగుడ్డు పెంకు,
కింది పిండిగిర్ని నుంచి ఎగిరొచ్చిన జొన్నపిండి.
ఖాళీ గాడిల పెట్టి రెండు బొటనవేళ్లతోని ఒత్తితే
టక్కుమన్నది.
లాడ్‌బజార్ల గాజు మెటికె దాటి
మణికట్టు మీదికి జారినప్పటి సంబురం.

ఆన్ చేస్తే తెర మీద రాసున్నది:
పెట్టింది పదహారు,
వాడుకునేది ఏడు పాయింట్ తొమ్మిది.

కండ్లద్దాలు తుడిచి మళ్ల చదివిన.
పైసలన్ని కట్టినంక కూడ చేతికి రానిదాన్ని
ఈ ఊర్ల ప్లాటు అంటరు.
ర్యామ్ అని కూడ అంటరని తెల్వదు.

ముకర్రంకు ఫోన్ చేసిన.
"తీసి పెట్టక్కా" అన్నడు. తీసి పెట్టిన.
"గాడి మార్చు." మార్చిన.
"రబ్బరుతోని పసుపు గీతలు రుద్దు."
బిడ్డ కంపాసుపెట్టెల రబ్బరు,
ఒకదిక్కు పంటిగాట్లున్నది,
దానితోని ఒక్కొక్క గీత మెరిసేదాక రుద్దిన.
పొద్దున లేచి దాని నల్లమొకం చూసి
పిల్ల ఎంత లొల్లి చేస్తదో.
ఏడు పాయింట్ తొమ్మిది.

"పాతది తీసి కొత్తదొక్కటే పెట్టు."
నడిచింది.
"కొత్తది తీసి పాతదొక్కటే."
నడిచింది.
రెండూ కలిస్తేనే ఒక్కటి గప్‌చుప్.
మా ఆడపడుచులు యాదికొచ్చిన్రు,
ఎవరికి వాళ్లొస్తే వంద ముచ్చట్లు,
కలిసొస్తే పెద్దామె ఒక్కతే మాట్లాడ్తది.

పదకొండు దాటింది.
సీతాఫల్‌మండి దిక్కు ఆఖరి రైలు పోయిన సప్పుడు.
"బయాస్‌ల ఎంత చూపిస్తుంది అక్కా?"
"పదహారు."
"అంటే బోర్డుకు తెల్సు.
విండోస్‌కే ఎవరో వద్దన్నరు."

ఎవరు?

వాడు చెప్పినట్టు ఎమ్మెస్ కాన్ఫిగ్ అని కొట్టిన.
బూట్. అడ్వాన్స్‌డ్.
అక్కడ చిన్న డబ్బాల ఒక టిక్కు.
గరిష్ఠ మెమరీ, ఎనిమిదివేల నూటతొంభైరెండు.

ఆ టిక్కు నాదే.
లాక్‌డౌన్ల పని లేక, నిద్ర రాక,
కంప్యూటర్ ఉరకాలంటే ఇట్ల చెయ్యాలెనని
ఎవరో చెప్తే విని పెట్టిన.
ఉన్నదంత వాడుకో అని రాసిచ్చిన అనుకున్న.
ఇంతకు మించి అడగకు అని రాసిచ్చిననట.
అది ఒక్కనాడు మాట తప్పలే.
రూపాయి పెట్టి రబ్బరు అరగదీసి
దాన్నే తిట్టిన.

టిక్కు తీసిన. బందు చేసి ఆన్ చేసిన.
పదిహేను పాయింట్ తొమ్మిది.

"ఆ మిగిలిన పాయింట్ ఒకటి ఏది ర?"
ముకర్రం ఆవులించిండు.
"అది తెరకు అక్కా. బొమ్మ నిలవడాలంటే
దానికి గంత కిరాయి ఇయ్యాలె. పండుకో."

పండుకోలే.
రెండొందల పన్నెండు దాటి
పదమూడో పేజీ మొదటిసారి చూసిన.
అండ్ల మొదటి మాటే తప్పు వడ్డది.