ఎడమ ముక్కు

మార్చి పదకొండు. ఫోన్లో ఆరు నిమిషాలు.
"వాసన పోయింది డాక్టర్" అన్నాడు ఎవరిస్తో కొల్జానీ.
కాంతూ ఊళ్ళో నలభై ఒక్క ఏళ్ళు
కుర్చీ కాళ్ళకి నునుపు పెట్టిన మనిషి.
ఆ వారం లొంబార్దీలో వాసన పోనిదెవరికి?
"ఇంట్లోనే ఉండండి, పద్నాలుగు రోజులు,
గదిలోంచి బయటికి రావద్దు" అన్నాను.
కిటికీ కింద నుంచి అంబులెన్సు వెళ్తోంది,
అది దాటేదాకా ఇద్దరం మాట్లాడలేదు.

అడగాల్సింది ఒక్కటే ఉండింది.
ఏ పక్క?

వైరస్‌కి కుడీ ఎడమా తెలీదు.
వచ్చిందంటే రెండు గుమ్మాల్లోంచీ వస్తుంది.
ఒక్క పక్కే మూసుకుని,
ఒక్క పక్కే, రుమాలు మీద,
తుప్పు నీళ్ళలా కాస్త ఎరుపు కనిపిస్తే
అది వేరే చుట్టం.
కాలేజీ రెండో ఏడు పాఠం ఇది.
పాఠం నాకు వచ్చు. ఆ పూట రాలేదు.

పరీక్షలో నెగెటివ్. మళ్ళీ నెగెటివ్.
కంపెనీ వాళ్ళకి కాగితం కావాలని మూడోసారి వెళ్ళాడు.
సూపర్ మార్కెట్ కార్లు ఆగే చోట డేరా,
డేరాలో యెసేనియా, లీమా నుంచి వచ్చిన నర్సు,
రోజుకి మూడు వందల ముక్కులు,
ఏ ముక్కూ ఏ మొహానిదో తెలియని ముక్కులు.
కుడివైపు పుల్ల సాఫీగా పోయింది.
ఎడమవైపు రెండు వేళ్ళ లోతులో ఆగింది.
తోయలేదామె. తీసి చూసింది.
దూది కొస ఎర్రగా ఉంది.
ఫారంలో అలాంటి మాటకి గడి లేదు.
అందుకని అంచున, పెన్సిలుతో రాసింది:
"ఎడమ పక్క గోడ ఉంది. ఎవరైనా చూడండి."

ఎవరైనా అంటే నేను.

అప్పటికి మా ముక్కు గొట్టాలన్నీ బీరువాలో ఉన్నాయి.
తుమ్మితే గదంతా ప్రమాదం కదా, తాళం వేశారు.
తాళంచెవి కోసం నాలుగు ఈమెయిళ్ళు, ఒక గొడవ.
హెల్మెట్టు తగిలించుకుని, దాని ఫ్యాను హోరులో
అతను చెప్పేది వినపడక
నేను అడిగేది అతనికి వినపడక
మాస్కు ముక్కు కిందికి లాగమని చేత్తో సైగ చేశాను.
అతని నోరు చూడకముందే
లోపలి గదులు చూశాను.
ఈ ఎముకలు తేనెపట్టులా ఉంటాయి, ఆరోగ్యంగా ఉంటే.
అక్కడ బూడిదరంగు ముద్ద,
గొట్టం తగిలీ తగలకముందే చెమర్చింది.

"రంపప్పొట్టు" అన్నాను.
ఆ మాట మాత్రం విన్నాడు.
"బీచ్, ఓక్. ఎక్కువ బీచ్.
మాస్కులా? మాస్కులిప్పుడు వచ్చాయిగా."
నవ్వాడు. కళ్ళతోనే.

ముక్క తీసి పంపితే పందొమ్మిది రోజులు.
ల్యాబులో సగం మంది జ్వరంతో ఉన్నారు.
ఆపరేషన్ గదిలో వెంటిలేటర్లు నిద్రపోతున్నాయి,
కాదు, మనుషులు నిద్రపోతున్నారు, వెంటిలేటర్లు మేలుకున్నాయి.
చివరికి జులైలో, వరేసెలో, ఎవరో దయగల సర్జను
కంటి గోడ దాకా తోడి తీశాడు.
మార్చిలో అయితే కంటి గోడ దాకా వెళ్ళేది కాదేమో.
ఆ "ఏమో"ని ఏ స్కానూ చూపించదు.

డిసెంబరులో వచ్చాడు. జేబులోంచి
అగ్గిపెట్టెంత చెక్కముక్క తీసి బల్లమీద పెట్టాడు.
"ఏ చెట్టో వాసన చూసి చెప్పండి.
నాకెలాగూ రాదు."
మాస్కు దించాను. ముక్కుకి ఆనించాను.
నవంబరులో నాకూ పోయింది, ఎవరికీ చెప్పలేదు,
ముక్కు డాక్టరుకి ముక్కు లేదంటే ఏం బాగుంటుంది.
"అక్రోట్" అన్నాను.
చెక్కని అరచేతిలోకి తీసుకుని
రెండుసార్లు ఎగరేసి పట్టుకున్నాడు.
"బరువు చూడండి" అన్నాడు, "పియర్ చెట్టు."
తర్వాత కాసేపు నన్నే చూసి
"మీకెప్పటినుంచి డాక్టర్?
రెండు పక్కలా, ఒక్క పక్కేనా?"