ఐసుపెట్టెలోంచి

మబ్బున నాలుగింటికి నెల్లూరు లారీ వచ్చింది.
పాతూరు మార్కెట్లో కరెంటు లేదు.
మస్తానయ్య సెల్లు లైటు నోట కరుచుకోని
ఒక్కొక్క పెట్టె దించుతా ఉంటే
మూత తీసి ఐసులో చెయ్యి పెట్టినా,
రోజూ పెట్టినట్లే,
వంజరం తోకెక్కడుందో వేళ్ళతో ఎతుక్కుంటా.

లోపలినుంచి ఇంగో చెయ్యి
నా చెయ్యి పట్టుకునింది.

అరిసినానో లేదో గుర్తు లేదు.
పక్కంగడి ఫక్కీరప్ప మాత్రం
"కుళ్ళాయమ్మకి పాము తగులుకునింది" అని కట్టె తెచ్చె.
పాము కాదు.
పసిబిడ్డ చన్ను పట్టినట్ల,
అదీ ఒక నోటితో కాదు, నూరు నోళ్ళతో,
మణికట్టు చుట్టూ చుట్టుకోని పీలుస్తా ఉండాది.
ఎముక అనేదే లేదు దానికి.
ఎద్దు ముక్కుతాడు పట్టిన మా నాయన చేతికి కూడా
అంత పట్టు లేదు.

"లాగబాకక్కా," అన్నాడు మస్తానయ్య.
"ఆక్టోపస్సు. వల్లో చిక్కుంటది.
లాగేకొద్దీ బిగిస్తది."

మేము బెస్తోళ్ళం. అయినా నేను సముద్రం చూళ్ళేదు.
మా తాత చెరువులో వల ఏసినాడు.
మా నాయన, చెరువు మరువ పారిన ఏడు గురించి
చెప్పుకుంటానే బతికినాడు.
నేను యాడనో పట్టిన చేపల్ని ఐసు మీద పోసి అమ్ముతా.
ఏడునూర్ల అడుగులు బోరేస్తే దుమ్ము లేచే ఊరికి
సముద్రమే వచ్చి చెయ్యి పట్టుకుంటే
ఏమని పలకరించాల?

అప్పుడు తెరిసింది కన్ను.
మేక కన్ను మాదిరి, నడిమద్దెన అడ్డగీత.
ఆ రవ్వంత ఎలుగులో నన్నే చూసింది.
నేనూ చూసినా.
ఇంత దగ్గిరగా నన్నెవురూ చూసి
చానా ఏండ్లయింది.

పాలిపోయి ఉన్నెది,
నా చెయ్యి తగిలిన తావంతా
మెల్లగా ఎర్రబారె.
ఎర్రమన్ను రంగు. నా చేతి రంగు.

నీలి టబ్బులోకి బోరునీళ్ళు,
నీళ్ళలోకి రెండు శేర్లు గల్లుప్పు.
"ఊరగాయ పెడతాండావా?" అన్నాడు ఫక్కీరప్ప.
సముద్రంలో ఎంత ఉప్పుంటాదో నాకేం తెలుసు?
ఏలు ముంచి నాలిక మీద పెట్టుకుంటి.
చెమట కంటే రవ్వంత ఎక్కువ ఉంటే
చాల్లే అనుకుంటి.

ఒక చెయ్యి టబ్బు అంచు తడిమింది.
ఇంగొకటి వచ్చి నా గాజులు లెక్కపెట్టింది:
మట్టిది ఒకటి, ప్లాస్టిక్కువి రెండు.
రెండోసారి కూడా లెక్కపెట్టింది.

ఎనిమిదింటికి ఒక సారు స్కూటరాపి
"కేజీ ఎంత?" అన్నాడు.
"అమ్మేది కాదు."
"మరెందుకు పెట్టినావు?"
జవాబు లేదు నా దగ్గిర.
ఆయప్పకి వంజరం ముక్కలు కొడితి.
ఎడమ చేత్తో కొడితే వంకర పోయినాయి.

తొమ్మిదిన్నరకి రంగు పోయింది.
అంగీ గుండీలు ఇప్పినట్ల
ఒక్కొక్క నోరే ఇడిసింది.

మద్దేన్నం గోతాంలో చుట్టి ఆటో ఎక్కి
పండమేరు వంతెన కిందికి తీసకపోతి.
వంకలో నీళ్ళేవి? కంపచెట్లు, సీసాపెంకులు.
కుక్కలు తవ్వకుండా
ఇసక మోకాటిలోతు తీసి పెడితి.
మా నాయన చెప్పేవాడు,
పండమేరు పారితే శింగనమల చెరువుకని,
చెరువు నిండితే చిత్రావతికని, అది పెన్నకని,
పెన్న నెల్లూరు దాటి ఉప్పునీళ్ళకని.
ఎప్పుడు పారాల, ఎప్పుడు నిండాల!
దానికేం తొందర లేదులే.

మణికట్టు మీద గుండ్రటి మచ్చలు
పచ్చబొట్టు మాదిరి, జంటలు జంటలుగా,
నాలుగు రోజులు ఉన్నెయి.

అయిదోనాడు మబ్బున లారీ వచ్చింది.
మూత తీసినా. ఐసులో చెయ్యి పెట్టి
అట్లే ఉంచినా, కదిలించకుండా.

"మొద్దుబారుతది చెయ్యి, తీ అక్కా,"
అన్నాడు మస్తానయ్య.

"నువ్వు దించప్పా," అంటి.
"ఇంగో పెట్టె దించు."